బాబూ, ముక్కు!

మాస్కు జారినవాళ్ళు ఎవరు కనబడినా మా నర్సమ్మగారు "బాబూ, ముక్కు!" అనేవారు. కరోనా రోజుల్లో తిరువూరులో నేను అంబులెన్సు డ్రైవర్ని. నా మీసాలు చూసి అందరూ ధైర్యస్తుణ్ణనుకునేవారు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఒక ఊళ్ళో పాజిటివ్ వచ్చిన ముసలాయన కోసం ఆవిడా నేనూ వెళ్తే, "మా వీధి పరువు తీస్తారా?" అంటూ జనం కర్రలతో వచ్చారు. నేను బండెక్కి తలుపులు లాక్ చేసుకున్నాను. ఆవిడ బయటే ఉండిపోయారు. కర్ర ఎత్తినవాడితో "బాబూ, ముక్కు!" అన్నారు. వాడు కర్ర చంకలో పెట్టుకుని, మాస్కు సర్దుకుని, అప్పుడు కొట్టాడు.

రక్తం చూసి జనం వెనక్కి తగ్గారు. ఆవిడే ముసలాయన్ని నడిపించుకొచ్చి, నా తలుపు తట్టారు.

దారిలో నుదుటికి దూది అదుముకుంటూ అద్దంలో నన్నే చూశారు. తిడతారనుకున్నాను.

"బాబూ, ముక్కు!"

మాస్కు పైకి లాక్కుని మీసాలు దాచుకున్నాను.