ఇరవై ఏడు కిలోల స్టిక్కర్

మా ఊరు శాన్ రామన్ లైబ్రరీలో టెన్నిస్ ఆటగాళ్ల జీవితాల మీద ఒక అర నిండా పుస్తకాలున్నాయి. అన్నీ చదివాను. రాకెట్‌కి స్ట్రింగ్స్ బిగించే పని మీద మాత్రం ఒక్కటే సన్నటి పుస్తకం. దాన్ని పదకొండుసార్లు రెన్యూ చేయించుకుని ఈ విద్య నేర్చుకున్నాను. మెషిన్ ఎలా వాడాలో అందులో ఉంది కానీ, ఈ పనిలో మనిషి ఎక్కడ దారి తప్పుతాడో లేదు. ఆ సంగతి ఎక్కడో ఒకచోట ఉండాలని నా తప్పునే ఇక్కడ రాసిపెడుతున్నాను.

అది 2022 వేసవి. డేవిడ్ గారి టెన్నిస్ షాపులో వెనకవైపు బల్ల నాది. స్ట్రింగ్‌ని ఎంత బలంతో లాగి బిగించామో దాన్ని టెన్షన్ అంటాం. పని అయ్యాక ఆ అంకెను చిన్న స్టిక్కర్ మీద రాసి రాకెట్ మెడ దగ్గర అంటిస్తాం.

వేరా గారు రష్యాలో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో, చెక్క నేల మీద ఆట నేర్చుకున్నారట. ఆ నేల మీద బంతి జారిపోతూ వచ్చేది కాబట్టి ముందే అందుకుని కొట్టడం అలవాటైందని చెప్పేవారు. పదిహేడేళ్లకు ప్రొఫెషనల్ అయ్యి, తొమ్మిదేళ్లపాటు సూట్‌కేసుతోనే కాపురం చేశారు. పెద్ద టోర్నమెంట్లలో రెండుసార్లు నాలుగో రౌండు దాకా వెళ్లారు. కుడి భుజానికి రెండు ఆపరేషన్లయ్యాక ఇరవై ఆరేళ్లకే ఆట మానేశారు. ఇప్పుడు మా ఊరి క్లబ్బులో కోచ్. ఆమె శిష్యుల్లో సగం మన తెలుగువాళ్ల పిల్లలే. వాళ్లు "వేరా ఆంటీ" అంటే మొదట్లో "నేను మీకు ఆంటీని ఎప్పుడయ్యాను?" అని అడిగేవారట. తర్వాత అలా పిలవని పిల్లలనే గద్దించడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలో క్లబ్బువాళ్లు ఒక ప్రదర్శన మ్యాచ్ పెట్టారు. వేరా గారు ఒప్పుకున్నది కూతురు కాత్యా కోసం. పదకొండేళ్ల ఆ పిల్ల తల్లి ఆట నేర్పడమే చూసింది, తల్లి ఆడగా చూడలేదు.

రెండు రాకెట్లు నా బల్ల మీద పెట్టి, "ఇరవై ఏడు కిలోలు. నేను ఆడే రోజుల్లోలాగే," అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

టెన్షన్ ఎక్కువుంటే బంతి అదుపులో ఉంటుంది కానీ, దెబ్బ తాలూకు అదురు చేతికి ఎక్కుతుంది. ఆమె రాకెట్లను ఎడమ చేత్తో ఎత్తి పెట్టడం గమనించాను. భుజం గాయాల మీద కూడా నేను రెండు పుస్తకాలు చదివి ఉన్నాను. ఆ ధీమాతో, ఆమెను అడగకుండా, ఇరవై నాలుగుకే బిగించాను. స్టిక్కర్ మీద ఇరవై ఏడని రాశాను. మేలు చేశాననుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, వేరా గారు మ్యాచ్ మానుకుంటున్నారని డేవిడ్ గారు చెప్పారు. బంతులన్నీ కోర్టు చివరి గీత, బేస్‌లైన్ దాటిపోతున్నాయట. చేతిలో పట్టు పోయిందని, కూతురి ముందు నవ్వులపాలు కాలేనని అన్నారట. టెన్షన్ తగ్గితే బంతి దూరం పోతుంది. అది నా సన్న పుస్తకంలో మొదటి అధ్యాయం.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి నా భార్య సుజాతకు చెప్పాను.

"ఆవిడ అడిగింది ఒకటి, మీరు చేసింది ఒకటి. పైగా స్టిక్కర్ మీద అబద్ధం. నా బ్లౌజుల టైలర్ కూడా ఇంతకు తెగించలేదు. అడిగితే ఏం పోయేదండీ?"

"ఒప్పుకునేవారు కాదు."

"భుజం ఆవిడది కదా."

ఫోన్ చేస్తానన్నాను. ఫోన్‌లో అయితే మళ్లీ పుస్తకం అప్పజెప్పినట్టు చెప్తారు, డ్రైవ్ చేసుకుని వెళ్లండి అంది.

క్లబ్బులో వేరా గారు ఒక్కరే బెంచీ మీద ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె రాకెట్ తిప్పి స్టిక్కర్ చూశారు.

"నాలుగు రోజులు నా చేతిని తిట్టుకున్నాను. దీన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు," అన్నారు. "మా నాన్న, కోచ్, డాక్టర్, అందరూ నా మంచికేనంటూ నాకు చెప్పకుండా ఏదో ఒకటి చేసినవాళ్లే. స్ట్రింగ్స్ బిగించేవాడొక్కడే నేను చెప్పింది చేసేవాడు."

క్షమించమన్నాను. క్షమించానని ఆమె అనలేదు. ఎందుకు తగ్గించావో ఇప్పుడు చెప్పమన్నారు. అదురు గురించి చెప్పాను. ఇరవై ఏడైతే భుజం రెండు సెట్లు నిలుస్తుందా అని అడిగారు. తెలియదన్నాను. ఇన్ని పుస్తకాలు చదివాక ఆ మాట అనడం నాకు కష్టమే అయింది.

ఆమె కాసేపు భుజం రుద్దుకున్నారు. "ఇరవై ఆరు బిగించు. ఒక కిలో నా భుజానికి. మిగతాది కాత్యాకి."

ఆమె ఎదుటే పాత స్ట్రింగ్స్ కోశాను. షాపుకు వచ్చి నా పక్కనే నిలబడి, మెషిన్ మీద అంకె చూసుకుని మరీ స్టిక్కర్ రాయించారు.

మ్యాచ్ ఓడిపోయారు. తర్వాత వారమంతా భుజానికి ఐస్ పెట్టుకున్నారు. కానీ రెండో సెట్‌లో ఆమె బ్యాక్‌హ్యాండ్ దెబ్బ ఒకటి సరిగ్గా గీత మీద పడ్డప్పుడు కాత్యా లేచి నిలబడిపోయింది. చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయింది.

ఇప్పుడు నాకు తోచిన మేలేదైనా ఉంటే ముందు నోటితో చెప్తాను. వద్దంటే వాళ్లు అడిగిందే బిగిస్తాను. చదువు నాకు సలహా చెప్పే అర్హత ఇచ్చింది. ఇంకొకరి చేతి మీద హక్కు ఇవ్వలేదు.

ఆ పుస్తకాన్ని విసుక్కోకుండా అన్నిసార్లు రెన్యూ చేసిన లైబ్రరీ మార్గరెట్ గారికి, విషయం తెలిశాక కూడా ఆ బల్ల నాకే ఉంచిన డేవిడ్ గారికి, కారు తాళాలు చేతిలో పెట్టి పంపిన సుజాతకు, తన గురించి రాయడానికి సరేనన్న కాత్యాకు కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువ వేరా గారికి. ఇదంతా ఇంగ్లీషులో చెప్పి వినిపిస్తే ఆమె ఒక్కచోటే ఆపారు: "ఓడిపోయారు అని ఊరికే రాస్తే ఎలా? స్కోరు రాయి."

4–6, 5–7.