కాకతీయ ప్రభువు ఓడిపోయిన దసరా

ఆ రోజుల్లో మా వరంగల్ బజారు మొత్తంలో చరిత్ర తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. డిగ్రీలో చరిత్ర పేపరు తప్పడం కూడా ఆ నమ్మకాన్ని కదిలించలేదు (దిద్దినవాడికే చరిత్ర రాదని మా అమ్మ ఒప్పుకుంది). అందుకే దసరా సాయంత్రం గల్లీలో నాటకం వేద్దామని దోస్తులు అనగానే కాకతీయుల మీద నాటకం నేనే రాశాను, డైరెక్టర్ నేనే అయ్యాను, రాజు వేషం ఇంకెవరూ అడగకముందే తీసేసుకున్నాను. కోట మీదికి దండెత్తి వచ్చిన శత్రు సేనాపతి ఓడిపోయి, కత్తి పడేసి, రాజు కాళ్ల మీద పడతాడు. అదీ ముగింపు. అలాంటి యుద్ధం చరిత్రలో ఎక్కడా లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం.

సేనాపతికి గంభీరమైన గొంతు కావాలి. అది మా పెద్దబాపుకే ఉంది. మంత్రికి పెద్దమనిషి వాలకం కావాలి. అది మా బాపుకుంది. చిక్కేమిటంటే, పక్కపక్కనే గిన్నెల దుకాణాలున్న ఆ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. పెద్దబాపు కొత్తగా పెట్టించిన బోర్డు మా బోర్డును సగం మూసేసింది. అంతే! దసరానాడు జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కకపోతే మాకు అది పండుగే కాదు. అలాంటిది, కిందటేడు బాపు అన్న గడప తొక్కలేదు. నాయనమ్మ ఆ రోజు ముద్ద ముట్టలేదు. "నేను సచ్చినంకనే కలుస్తరా బిడ్డా?" అని ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. ఇద్దర్నీ ఒకే స్టేజీ ఎక్కిస్తే ఏదో ఒకటి కాకపోతుందా అని నా ఆశ. ఆ ఏదో ఒకటి ఏమిటో మాత్రం నాకు తెలియదు.

"మీ బాపు ఉన్న అర్రల నేను అడుగు పెట్ట" అన్నాడు పెద్దబాపు. "ఆయన ముంగట నిలవడి డైలాగులు చెప్పాల్నా? నాతోని కాదు" అన్నాడు బాపు. చివరికి ఒకరికి పొద్దున, ఒకరికి సాయంత్రం రిహార్సల్ పెట్టాను. బాపు డైలాగులన్నీ కొట్టేసి, "జర కూడా ఫికర్ వద్దు బాపూ, రాజు ఏం జేస్తే నువ్వు గదే చెయ్యి" అని ఒప్పించాను. దాంతో చివరి సీను ముగ్గురం కలిసి ఒక్కసారైనా చేయలేదు.

దసరా రానే వచ్చింది. గల్లీ జనమంతా జమ్మి తెచ్చుకుని నేరుగా స్టేజీ ముందుకొచ్చి కూర్చున్నారు. దుప్పటి మీద గీసిన కోట తోరణం ముందు పెద్దబాపు అద్భుతంగా ఓడిపోయాడు. కత్తి పడేశాడు. చేతులు జోడించి నా కాళ్ల మీదికి వంగబోయాడు. అంతే, ముందు వరుసలోంచి నాయనమ్మ లేచింది.

"అరేయ్! పండుగపూట పెద్దబాపుతోని కాళ్లు మొక్కిచ్చుకుంటవారా? కండ్లు పోతయ్!"

"నాయనమ్మా, నేను రాజును!" అన్నాను, జారుతున్న కిరీటం పట్టుకుని.

"రాజువైతే ఏంది? మొక్కు ముందు!"

గల్లీ అంతా నాయనమ్మ పక్షమే. మొక్కు మొక్కు అని ఒకటే గోల. ఏం చేస్తాను? కిరీటంతో సహా వెళ్లి శత్రువు కాళ్ల మీద పడ్డాను. కాకతీయ సామ్రాజ్యం అక్కడితో సరి.

తలెత్తి చూస్తే మంత్రి ఒక్కడే కొయ్యలా నిలబడి ఉన్నాడు. "బాపూ, రాజు జేసిందే చెయ్యాలె!" అని నేల మీది నుంచే గుసగుసలాడాను. బాపు నావైపు చూశాడు, నాయనమ్మవైపు చూశాడు, నడుం పట్టీలోంచి జమ్మి తీశాడు. (రిహార్సల్లో లేని ఆ జమ్మి అక్కడెందుకు పెట్టుకున్నాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.) అన్న చేతిలో పెట్టి, "బంగారం తీస్కో అన్నా" అంటూ వంగాడు.

పెద్దబాపు పూర్తిగా వంగనివ్వలేదు. "లే తమ్మీ, బోర్డు రేపే జరుపుత" అని గట్టిగా అలాయ్ బలాయ్ ఇచ్చాడు. ఆయన అతికించుకున్న గడ్డం బాపు భుజానికే ఉండిపోయింది. నాయనమ్మ నవ్వుతూ, ఏడుస్తూ, ఇంటికెళ్లి గారెలు అడిగి మరీ వేయించుకుని తిన్నది. నాటకం పాడైందని ముఖం మాడ్చుకుని కూర్చున్నది నేనొక్కణ్ణే. అంత ఆశపడింది జరిగితే, నాకు కిరీటం మీద బెంగ!

ఇప్పుడు నా జుట్టూ తెల్లబడింది. ఏటా జమ్మి పట్టుకుని వెళితే పెద్దబాపు కుర్చీలోంచే అడుగుతాడు, "ఏం రాజా, మల్ల ఓడిపోనీకి వచ్చినవా?" అని. "వచ్చిన పెద్దబాపూ" అని వంగుతాను. వంగడం వరకే నా వల్ల అవుతుంది. మోకాళ్లు మొరాయిస్తే, మళ్లీ లేపడానికి ఆ శత్రువే చెయ్యి అందించాలి.