నిండుకున్న డబ్బా

ఈ ఉదయం బియ్యం కొలుస్తుంటే గ్లాసు డబ్బా అడుగుకి తగిలి గరగరమంది. నా నోటివెంట "స్తోత్రం" అని వచ్చేసింది. బియ్యం అయిపోతే స్తోత్రమేమిటని మా అమ్మాయి పకపకా నవ్వింది.

అది మా మామ్మ అలవాటు. రాజోలు దగ్గర మామ్మ ఇంట్లో బియ్యం "అయిపోయాయి" అనకూడదు, "నిండుకున్నాయి" అనాలి. అందుకే చిన్నప్పుడు నాకు నిండడమంటే ఖాళీ అయిపోవడమే.

ఒక ఆదివారం పొద్దున్నే మామ్మ డబ్బా దులిపి గంజి కాచింది. "బియ్యం నిండుకున్నాయమ్మా, స్తోత్రం" అంటూ నాకు జడ వేసి చర్చికి తీసుకెళ్ళింది. సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, "ప్రభువు వచ్చేక నా బతుకు నిండిపోయిందండి" అంది.

నేను చాప మీంచి లేచి ఆవిడ కాళ్ళు చుట్టేసుకుని, "మామ్మా, నువ్వు అయిపోకు!" అని ఏడ్చాను.

పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. నన్ను ఎత్తుకుని, నా అరచేతిని తన గుండెకి ఆనించుకుంది.

"డబ్బా నిండుకుంటే అడుగు కనపడుద్దమ్మా. ఇక్కడ ఎంత తోడినా అడుగు తగలట్లేదు" అని చెవిలో చెప్పింది. ఆవిడ చీర గంజి వాసన వేసింది.

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు, ఏడుపు మాత్రం ఆగింది.

ఆ ఇంట్లో డబ్బా అడుగు గీరుకున్న చప్పుడు చాలాసార్లు విన్నాను. మామ్మలోంచి మాత్రం ఒక్కసారీ వినలేదు.

స్తోత్రం.