పైవాడి మీద మూలం మావయ్య ఫిర్యాదు

మూలం మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది మొదట ఎక్కడ పుట్టిందో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు. పాలు పొంగినా, గ్లాసు పగిలినా, రెండు బస్సులు ఒకదాన్నొకటి గుద్దుకున్నా "మూలం ఎక్కడ?" అని మొదలుపెడతాడు. అక్కడి నుంచి మెట్టు మెట్టూ ఎక్కుతూ పోయి, చివరికి సృష్టికర్త గుమ్మం ముందు నిలబడి తలుపు బాదుతాడు. అదీ మర్యాదగా కాదు. అద్దె ఇంట్లో కుళాయి చెడిపోతే యజమానిని నిలదీసేవాడిలా, మెడ నరాలు ఉబ్బించి, చూపుడు వేలు పైకెత్తి మరీ అడుగుతాడు.

ఇలాంటి మనిషికి బుద్ధి ఉన్నవాడెవడైనా బస్సు డిపోలో ప్రమాదాల విచారణ అధికారి ఉద్యోగం ఇస్తాడా? ఇచ్చారు. ఆ ఇచ్చిన మహానుభావుడెవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు. అది చాలదన్నట్టు ఆ డిపోకు మేనేజరుగా స్వయానా ఆయన అక్క కూతురే వచ్చి కూర్చుంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. మావయ్య నివేదికలు చదవడం మొదలుపెట్టాక అది నషాళానికెక్కింది.

"మావయ్యా, ఇదేంటి?" అందామె ఒకరోజు కాగితం ఆయన ముక్కు కింద ఆడిస్తూ.

"విచారణ నివేదిక, మేడంగారూ." ఆఫీసులో ఆయన మేనకోడలిని మేడంగారూ అనే పిలుస్తాడు. ఆ పిలుపు వింటే ఆమెకు ఒళ్లు ఇంకాస్త మండుతుంది.

"టైరు పేలితే బాధ్యుడు సృష్టికర్త అని రాస్తారా?"

"రాయి గుచ్చుకుంది. ఆ రాయి లారీలోంచి జారింది. లారీవాడు కునికిపాట్లు పడుతున్నాడు. నిద్ర లేకుండా వాణ్ణి పంపింది యజమాని. పంపించింది ఆశకొద్దీ. ఆ ఆశ వాడి గుండెలో ఎవరు పెట్టారు? నేను పెట్టానా, మీరు పెట్టారా?"

"ఇది నేను పై ఆఫీసుకి ఎలా పంపేది?"

"పంపండి. అంతకంటే పై ఆఫీసుకి కూడా ఒక కాపీ పంపండి."

క్యాంటీన్‌లో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరైనా టీ గ్లాసుతో వచ్చారంటే కోరి తల రోట్లో పెట్టినట్టే. క్యాషియరు మెతక మనిషి. ఒకసారి నోరు జారి, "అంతా పూర్వజన్మలో చేసిన పాపం సార్, ఇప్పుడు అనుభవిస్తున్నాం" అన్నాడు.

"మరి మొట్టమొదటి జన్మకి వెనక జన్మ లేదుగా? అప్పుడు చేసిన తప్పు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"దానికి మొదలంటూ ఉండదండీ. అనాదిగా వస్తోంది."

"బస్సు ఎక్కణ్ణుంచి బయల్దేరిందయ్యా అంటే, మొదలు లేదు సార్, ఎప్పటినుంచో వస్తూనే ఉంది అని డ్రైవరు చెబితే ఊరుకుంటావా? టిక్కెట్టు ఎంతని కొడతావు?"

టైంకీపరు పుస్తకాలు చదివిన వాడు. కళ్లజోడు సర్దుకుని, అసలు చెడు అనే పదార్థమే లేదనీ, వెలుగు లేకపోతే దాన్నే చీకటి అన్నట్టు మంచి లేకపోవడాన్నే మనం చెడు అంటున్నామనీ వివరించాడు. మావయ్య అంతా ఓపిగ్గా విన్నాడు. అది మంచి సూచన కాదని అందరికీ తెలుసు.

"మొన్న మూడో నంబరు బస్సుకి బ్రేకు లేదు. లేకపోవడమే కదా? ఆ లేనిది వెళ్లి ఉన్న గోడని ఎట్లా కూల్చింది? లేనిదానికి లేని గోడ కూలాలి!"

"పోనీ సైతాను పని అనుకోండి" అన్నాడు హెడ్ మెకానిక్, గొడవ తెగ్గొడదామని.

"సైతానుకి అపాయింట్‌మెంటు ఆర్డరు ఎవరిచ్చారు? కింద సంతకం ఎవరిది?"

"దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు గురూగారూ, మనిషే దాన్ని పాడుచేసుకున్నాడు" అన్నాడు యూనియన్ నాయకుడు.

"పాకే పిల్లాడి చేతికి కత్తి ఇచ్చి, ఎటు తిప్పుకుంటావో నీ ఇష్టం నాయనా అని పక్కగదిలో పేపరు చదువుకునేవాణ్ణి ఏమంటారయ్యా మీ యూనియన్‌లో?" అని మావయ్య బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. టీ అంతా టైంకీపరు చొక్కా మీద పడింది. దీని మూలం ఎక్కడ సార్ అని టైంకీపరు ఏడుపు గొంతుతో అడిగితే, బల్ల కాళ్లు సమంగా లేవన్నాడు, నేల సమంగా లేదన్నాడు, చివరికి భూమిని గుండ్రంగా చేసినవాడి మీదికి లేచాడు.

ఇలా సాగిపోతుండగా ఒకరోజు ఉదయం పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. కొత్త కారు. పార్కింగుకి బోలెడంత చోటు ఉండగా, తనలాంటివాడు నాలుగడుగులు నడవడమేమిటనుకుని నేరుగా యార్డులోకి తెచ్చి, ఒక బస్సు వెనక నిలిపాడు. ఆ బస్సు కండక్టర్ని పిలిచి, తన సంచి మోయమని లోపలికి తోలాడు.

ఏ డిపోలోనైనా బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు వెనక నిలబడి రేకు మీద చరుస్తాడు. ఒక్క చరుపు చరిస్తే ఆగమని. రెండు చరిస్తే రమ్మని. ఇంజను హోరులో మాట వినపడదు గనక డ్రైవరుకు ఆ చప్పుడే వేదం. ఆ ఉదయం డ్రైవరు కండక్టరు వెనకే ఉన్నాడనుకుని బస్సును కొంచెం కదిపాడు. పెద్దాఫీసరు అది చూశాడు. పరిగెత్తుకొచ్చి, "ఆపు! ఆపు!" అంటూ రేకు మీద రెండు చరిచాడు.

డ్రైవరు వచ్చాడు. శ్రద్ధగా, నిదానంగా, కారు ముందు భాగం అప్పడం అయ్యేదాకా వచ్చాడు.

"సాయంత్రంలోగా వీణ్ణి ఇంటికి పంపించాలి!" అని పెద్దాఫీసరు మేనేజరు గదిలో కేకలు వేశాడు. డ్రైవరుకు ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇప్పుడు పేరు మీద ఒక్క ప్రమాదం పడినా చాలు, మాటా మంచీ లేకుండా తీసేస్తారు. ఈ ఉద్యోగం కోసం రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగిన మనిషి. టోపీ నలుపుకుంటూ గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు.

"రెండు చరుపులు ఎవరు చరిచారు?" అని మేనేజరు అడిగింది.

అతను పెద్దాఫీసరు బూట్ల వంక చూశాడు. "తెలీదు మేడం."

యార్డులో సగం మంది కళ్లారా చూశారు. అందరూ కుక్కిన పేనుల్లా ఉన్నారు. మేనేజరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారు పెట్టరాని చోట పెట్టి, కొట్టరాని దెబ్బ కొట్టి, ఒకడి నోటికాడి కూడు లాగేస్తున్న ఈ మనిషిని ఏమీ అనలేకపోవడం ఆమెకు అన్నిటికంటే మంటగా ఉంది. వరండాలో మావయ్యను పట్టుకుంది.

"మావయ్యా, మీకు దండం పెడతాను. ఈ ఒక్క రోజుకి భూమ్మీద ఆగండి. మీరు దేవుడి పేరు రాస్తే పెద్దాఫీసరు దాన్ని చించేసి ఆ డ్రైవరు పేరు రాయిస్తాడు. ఆయనకు జీతం తీసుకునే మనిషి పేరే కావాలట!"

మావయ్య నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి పెద్దాఫీసరు ఎదురుగా కూర్చున్నాడు.

"మూలం ఎక్కడ?" అని మొదలుపెట్టాడు. "బస్సు వెనక్కొచ్చింది రెండు చరుపులు వినపడి. అయ్యా, మీ కుడి అరచెయ్యి ఒకసారి చూపిస్తారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దాఫీసరు చెయ్యి జేబులో దాచుకున్నాడు. అప్పటికే బస్సు రేకు మీది నల్లటి మసి ఆయన తెల్లచొక్కా మీద ఐదు వేళ్లూ అచ్చు గుద్దేసింది. మేనేజరు పైకి నవ్వకుండా పెదవి కొరుక్కుంది.

"అంటే తప్పు నాదంటావా?" అని ఆయన లేచాడు. "నీ అంతు చూస్తాను! ముందు వాడి అంతు చూస్తాను!"

"కూర్చోండి. నేనింకా ఆగలేదు" అన్నాడు మావయ్య అంతకంటే గట్టిగా. "రెండు చరుపులంటే రమ్మనే అర్థమని మీకెవరైనా చెప్పారా?"

"ఎవడూ చెప్పలేదు!"

"తెలియనివాడు చేస్తే తప్పెలా అవుతుంది? చెప్పనివాడిది తప్పు. ఈ డిపోలో జాగ్రత్తల క్లాసు చెప్పేది ఎవరు? నేను. డ్రైవర్లకు చెప్పాను, కండక్టర్లకు చెప్పాను. ఆఫీసర్లకు ఏనాడూ చెప్పలేదు."

ఆయన చూపుడు వేలు లేచింది. అలవాటు కొద్దీ అందరూ పైకప్పు వంక చూశారు. ఆ వేలు సగం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఆయన చొక్కా గుండీ మీద ఆగింది.

"రాసుకోండి మేడంగారూ. బాధ్యుడు, విచారణ అధికారి."

పెద్దాఫీసరుకు అంతకంటే ఏం కావాలి? జీతం తీసుకునే మనిషి దొరికాడు. మావయ్యను విచారణ నుంచి తప్పించి, రిటైరయ్యేదాకా పాత టైర్ల గోడౌనుకు వెయ్యమని చెప్పి, ఆటోలో వెళ్లిపోయాడు. డ్రైవరు మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాడు.

మేనేజరు తలుపు వేసి విరుచుకుపడింది. "ఇన్నేళ్లలో ఒక్క మనిషినీ దోషి అని రాయని మీరు, మీ మీద మీరే రాసుకుంటారా? మీకు మతి ఉందా?"

"ఏం చెయ్యమంటావే!" మావయ్య కూడా గొంతు పెంచాడు. "డ్రైవరు దగ్గర ఆపితే వాడి ఉద్యోగం పోతుంది. ఆఫీసరు దగ్గర ఆపితే ఆ కక్షతో మళ్లీ వాడిదే పోతుంది. పైవాడి దగ్గర ఆపితే ఎవడిదీ పోదు, ఆయన్ని తీసేసే మొనగాడు లేడు గనక. ఇవాళ ఆ దారి నువ్వే మూసేశావు. ఇంక మిగిలింది ఎవరు?"

ఆమె బీరువా వంక చూసింది. అందులో ఉన్న ఆయన నివేదికలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వాటిల్లో ఏ ఒక్కదాని వల్లా ఒక్కడూ ఇంటికి పోలేదు. చిన్నప్పుడు తను నాన్న చేతిగడియారం బకెట్‌లో ముంచినప్పుడు కూడా ఇంతే. నాన్న బెత్తం ఎత్తాడు. మావయ్య అడ్డంగా నిలబడి, నీళ్లు తడిగా ఎందుకున్నాయనే దగ్గర మొదలెట్టి, నాన్నకు చెయ్యి నొప్పి పుట్టి బెత్తం దించేదాకా విచారణ చేశాడు. ఆ రోజు ఆమె మావయ్యకు పిచ్చి అనుకుంది.

అయినా ఆమె కోపం తగ్గలేదు. ఫైలు తీసి బల్ల మీద దబేలుమని కొట్టింది.

"ఆడపిల్లవి, ఇంత కోపం ఏంటే?" అన్నాడు మావయ్య తుళ్లిపడి. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మీ దగ్గరే!"

మావయ్య నోరు తెరిచాడు. తనకు నేర్పిన తండ్రి, ఆయనకు నేర్పిన తాత, ఆ పైన ఉన్న అసలువాడు, అందరూ ఆయన నాలుక చివర వరసగా నిలబడ్డారు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని, ఎంత పైకి పోతాడో చూద్దామని నిలబడింది.

"సరే, అక్కడితో ఆపేద్దాం" అని మావయ్య గోడౌను తాళాలు తీసుకున్నాడు.