పదిహేడో జోల

గజ్వేల్ నుంచి సిద్దిపేటకు వచ్చే సాయంత్రం బస్సులో, ఆడవాళ్ళకు జీరో టికెట్లు ఇస్తూ కండక్టర్ రత్నాకర్ ఏడ్చాడు. ముందు సీటులోని పెళ్ళివాళ్ళూ ఏడ్చారు. వెనక కూర్చున్న కూరగాయలామె, ఉల్లిగడ్డలేమన్నా చితికాయేమోనని గంప విప్పి చూసుకుంది. అందులో ఉన్నవి బీరకాయలు. స్వరాజ్యలక్ష్మి కూడా మర్యాద కోసం కాస్త ఏడ్చి, "దుమ్ము బాగొస్తుంది, అద్దాలు మూయుండ్రి" అంది. మూశాక అందరూ ఇంకా బాగా ఏడ్చారు.

కారణం ఆమె చీర కొంగు. ల్యాబులో దానికి బ్రోమిన్ కలిసిన పొడి ఒకటి అంటింది. మనుషుల్ని ఏడిపించడం ఆ పొడి స్వభావం. రాత్రంతా మనసు పీకగా, మర్నాడు రత్నాకర్ దగ్గర ఒప్పేసుకుంది.

నలభై ఆరేళ్ళ స్వరాజ్యలక్ష్మి గజ్వేల్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పీహెచ్‌డీ చేస్తున్నది థయజోల్ మీద. అది గంధకం, నైట్రోజన్ పొదిగిన ఐదు మూలల ఉంగరం. బి-వన్ విటమిన్‌లో ఉంటుంది, కొన్ని యాంటీబయాటిక్ మందుల్లోనూ ఉంటుంది. ఆ ఉంగరం అంచున ఒక్కో మార్పు చేస్తూ, పాత మందులకు లొంగని క్రిముల మీద పనిచేసేది దొరుకుతుందేమోనని ఆమె వెతుకులాట. పదహారు తయారుచేసింది. పదిహేనింటిని క్రిములు మజ్జిగలా తాగేశాయి. పదహారోదానికి మాత్రం కొంచెం నీరసించాయి. అందులో క్లోరిన్ ఉన్నచోట బ్రోమిన్ పెడితే పదిహేడోది. ఆశంతా దాని మీదే.

అత్త దుర్గవ్వకు ఈ థయజోల్‌లో జోల ఒక్కటే వినబడింది. కోడలు జోలపాటల మీద పెద్ద చదువు చదువుతోందని వాడంతా చెప్పింది. పోయిన ఎండాకాలం ముగ్గురు ముసలమ్మలు ఇంటికొచ్చి పాడి వెళ్ళారు. కాదని చెప్పడానికి నోరు రాక, స్వరాజ్యలక్ష్మి చాయ్ పోసి, రెండు పాటలు ల్యాబు నోటుబుక్కులో రాసుకుంది కూడా.

ఇప్పుడా పదిహేడోది మొండికేసింది. పాకంలా జిగురు కట్టి కూర్చుంది. పరీక్ష చేసే హైదరాబాదు ల్యాబువాళ్ళు శుద్ధమైన పొడి రూపంలో అయితేనే తీసుకుంటారు. అదీ శుక్రవారం సాయంత్రం లోపల. ఆ వారం దాటితే ఆమె పీహెచ్‌డీ గడువూ దాటిపోతుంది.

బుధవారం పొద్దున రొట్టెలు చేస్తుంటే దుర్గవ్వ అడిగింది. "ఏందే స్వరాజ్యం, మొఖం గట్ల వెట్టినవ్?"

"గట్టిపడుతలేదత్తమ్మా. వారం సంది ఫ్రిజ్జుల పెట్టిన. జిగురు జిగురే ఉంది."

"తోడేసినవా?"

"ఏందీ?"

"ఉత్త పాలు ఫ్రిజ్జుల వెడితే పెరుగైతదా? తోడెయ్యాలె. గింత సదువు సదివినవ్, గీ మాత్రం తెల్వదా!"

"దీనికి తోడు యాడ దొరుకుతదత్తమ్మా? ఇంతవరకు ఒక్క పలుకు కూడ కట్టలేదు."

"ఇంట్ల లేకుంటే పక్కింట్ల అడుక్కొస్తం గద! గది గూడ నేనే జెప్పాల్నా?"

స్వరాజ్యలక్ష్మి చేతిలో రొట్టె ఆగిపోయింది. పక్కిల్లు! పదిహేడో నంబరుకు పక్కిల్లు పదహారు. ఒక్క క్లోరిన్ తప్ప అచ్చం అదే పోలిక, పైగా అది చక్కగా స్ఫటికం కట్టింది. స్ఫటికం కట్టకపోతే ముందే కట్టిన స్ఫటికం పలుకు ఒకటి వేసి చూడాలని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు తనే చెబుతోంది. పెనం మీది రొట్టె మాడింది.

ఆ మధ్యాహ్నం సీసాలో ఆవగింజలో సగమంత పదహారో పలుకు వేసి క్లాసుకెళ్ళింది. పాఠం తప్పుతప్పుగా చెప్పి, గంట కొట్టకముందే పరుగెత్తుకొచ్చింది. సీసా నిండా తెల్లని సూదులు! తోడు జాడ మిగలకుండా రెండుసార్లు శుద్ధిచేసి, ఆరబెట్టి, శుక్రవారం పొద్దున్నే హైదరాబాదుకు పంపింది. అది మందవుతుందో లేదో చెప్పడానికి ఏళ్ళు పడుతుందని ఆమెకు తెలుసు. అయినా బల్ల సర్దుతూ ఒక జోలపాట కూనిరాగం తీసింది. ఆ రాగంలో పడి, ఆ ఏడిపించే పొడి సీసా మూత తెరిచి ఉందన్నది చూసుకోలేదు.

సాయంత్రం బస్సు కుకునూర్‌పల్లి దాటకముందే రత్నాకర్ ముక్కు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"మల్ల గదే కొంగా మేడం? మీరెక్కిన కాడికెల్లి కండ్లల్ల నీళ్ళు ఆగుతలేవు!"

"ఇయ్యాల సంతోషానికి ఏడ్వు తమ్మీ, పదిహేడోది తోడుకున్నది."