తాళం పడకముందు ఉత్తరం

మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. నా దుకాణంలోకి కారిన నీళ్లు ఎత్తిపోస్తుంటే, సార్ పోయారని ఫోను వచ్చింది.

అప్పట్లో గౌలిపురలో మేడమీద చిన్న ఇంటర్నెట్ దుకాణం ఆయనది. పెద్దగా చదువుకోని నాకు కంప్యూటరు ముందు కుర్చీ వేసిన మనిషి. ఉత్తరాన్ని దారిలో ఎవరూ చదవలేకుండా మార్చి పంపే వెబ్ మెయిల్ తయారుచేసి, ‘ఇక్కడ ఉత్తరాలకు తాళం వేయబడును’ అని బోర్డు పెట్టారు.

భర్త కొట్టే బాధ పడలేక ఒకామె ఆ బోర్డు చూసి వచ్చింది. శుక్రవారం బిడ్డతో బస్సెక్కుతున్నానని అన్నకు రాసింది. సార్ ప్రోగ్రాము ఉత్తరాన్ని ముందు మామూలు అక్షరాల్లోనే ఒక తాత్కాలిక ఫైలులో పెట్టేది. తర్వాత తాళం వేసి, పంపాక ఆ ఫైలు చెరిపేది. ఆ రోజు పంపుతుండగా ఫోను లైను తెగింది. చెరిపే దాకా ప్రోగ్రాము పోనేలేదు. అన్ని కంప్యూటర్ల నుంచీ కనిపించే ఫోల్డరులో ఆ ఫైలు మిగిలిపోయింది. సాయంత్రం దుకాణానికి వచ్చిన ఆమె మరిది పాటలు వెతుక్కుంటూ దాన్ని తెరిచాడు.

మర్నాడు అతనే మిఠాయి పెట్టెతో వచ్చాడు. “మస్తు దుకాణం పెట్టినవ్ భాయ్! మా ఇంటి ఖబర్ మాకే దొరికింది. తిను.”

శుక్రవారం ఆమె ఒక్కతే వచ్చింది. పెదవి చిట్లి ఉంది. అత్తింటివాళ్లు బిడ్డను దాచి, ఆమెను బయటికి నెట్టారు.

“తాళం ఏస్తమంటిరి గద సార్?”

సార్ బోర్డు దింపేశారు. ప్రోగ్రామును మాత్రం వదల్లేదు. ఫైలే లేకుండా మెమరీలోనే తాళం వేయమని నాకు చెప్పేవారు. తప్పదంటే ఎవరికీ తెరుచుకోని ఫోల్డరులో, ఎవరికీ తట్టని పేరుతో పెట్టి, పంపడం ఆగినా చెరిగిపోయేలా రాయమనేవారు. నేను రాసిన ప్రోగ్రామును పరీక్షించడానికి నాచేత ఇంటికి ఉత్తరం రాయించి, సగంలో ఫోను తీగ పీకేవారు. ముక్క మిగిలి దొరికితే దుకాణానికి వచ్చిన గిరాకీల ముందే చదివేవారు. అమ్మా, ఈడ ఏడుపొస్తుందని నేను రాసుకున్నది ఒకసారి గొంతెత్తి చదివారు. అందరూ నవ్వారు.

“సిగ్గయిందా? నీకు సిగ్గే పోయింది. ఆమెకు బిడ్డ పోయింది.”

అలా నేర్చిన పనే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతోంది.

సార్ పాడె గల్లీ మలుపు తిరుగుతుంటే, ఆ ఉత్తరం రాసినామె గోడవారగా కనిపించింది. గొడుగు లేదు.

“సార్ నీ బిడ్డ కోసం మస్తు తిరిగిండక్కా,” అన్నాను.

“తిరిగితే? మొన్న బడికాడ నా బిడ్డ ఎదురొచ్చింది. ఎవరు ఆంటీ మీరు అన్నది. పోనియ్ నీ సార్‌ను.”

పాడె ముందు చల్లిన పేలాలు తడిసి ఆమె భుజానికి అంటుకున్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే గిల్లి, కాలవలో వేస్తూ నిలబడింది.