పడవలొచ్చాక బడి

చిట్టియ్య పంతులు ఆ బడికి పెద్ద పంతులుగా వచ్చిన మొదటిరోజు అరుగు మీద తొమ్మిదిమంది పిల్లలున్నారు. కింద ఇసుకలో ముగ్గురే. అరుగు మీదివాళ్లు రైతుల పిల్లలు, ఇసుకలోవాళ్లు జాలరి పిల్లలు. హాజరు పట్టీలో మాత్రం జాలరి పిల్లల పేర్లు పదిహేడు కనిపించాయి.

మొగల్తూరు దాటి సముద్రం వైపు కోసెడు దూరం నడిస్తే వచ్చే ఊరది. పద్దెనిమిది వందల తొంభైల నాటి మాట. పంతులుది పోలవరం అవతల. పురిట్లో భార్యా బిడ్డా పోయాక, ఎంత దూరమైతే అంత మంచిదని అడిగి మరీ ఈ బడి వేయించుకున్నాడు.

"మిగతావాళ్లేరీ?" అని అడిగాడు.

ఇసుకలో కూర్చున్న వీరవేణి అనే పదేళ్ల పిల్ల చెప్పింది. "పొద్దున్నే పడవలొస్తాయండి. బుట్టలు మొయ్యాలండి. బేరం అయ్యేసరికి బడి వదిలేస్తారండి."

మర్నాటి నుంచి పడవలొచ్చి, చేపల బేరం ముగిశాకే బడి గంట. ఇసుకలోవాళ్లను అరుగెక్కించాడు. రాని పిల్లల ఇళ్లకు తనే వెళ్లి గుమ్మం ముందు నిలబడేవాడు.

నాలుగోరోజు గంగరాజు వచ్చాడు. ఊళ్లో పెద్ద రైతు. పంతులు ఉంటున్న గది ఆయనదే.

"ఏంటండీ పంతులుగారూ ఇది? జాలర్ల వేళకి మా పిల్లలు రావాలా?"

"మీ పిల్లలు ఏ వేళకైనా రాగలరండి. వాళ్లు రాలేరు."

"అయితే వాళ్లకే చదువు చెప్పుకోండి."

రైతుల పిల్లలు బడి మానేశారు. గది ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. పంతులు చాప, చెంబు పట్టుకుని బడి వెనక పాకలోకి మారాడు. రైతులు దారిలో ఎదురైతే ముఖం తిప్పుకునేవారు. జాలర్లకు ఆయనంటే భక్తి. దానివల్ల దూరం ఇంకా పెరిగింది. ఆయన్ని చూడగానే లేచి, దారి తొలగి, చేతులు కట్టుకునేవారు. జాలరి పాలెంలో నవ్వులు వినపడి అటు నడిస్తే, ఆయన చేరేసరికి అంతా నిశ్శబ్దం.

ఆదివారాలు పొద్దున్నే బయలుదేరి నరసాపురం నడిచి, రేవు పడవలో గోదావరి దాటి, అదే పడవలో తిరిగొచ్చేవాడు. "అవతల ఏం పనండీ?" అని పడవవాడు అడిగేవాడు. వారమంతటిలో ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదొక్కటే.

రెండేళ్లకు పరీక్షాధికారి వచ్చాడు. అంతకుముందు ఏటా నలుగురు గట్టెక్కితే గొప్ప. ఈసారి పంతొమ్మిదిమందిలో పదహారుగురు గట్టెక్కారు. భాగహారం చేసి పలక చూపించిన వీరవేణి, "ఇంకోటి ఇస్తారాండి?" అని అడిగితే అధికారి నవ్వాడు. మరుసటి వారం రైతుల పిల్లలు ఐదుగురు వచ్చి, ఖాళీ ఉన్నచోట కూర్చున్నారు. గంగరాజు పిల్లలు రాలేదు.

ఆ వానాకాలం పంతులు జ్వరంతో పడిపోయాడు. వీరవేణి నాయనమ్మ పెద్దింట్లమ్మ గంజి తెచ్చి గడప బయట పెట్టింది.

"లోపలికి రా అమ్మా."

"వద్దండి బాబూ. మేం రాకూడదండి."

"పిల్లల్ని అరుగెక్కించాను కదా."

"అది బడండి. ఇది మీ ఇల్లండి."

ఆయన గోడ పట్టుకుని గడప దాకా వచ్చి, అక్కడే కూర్చుని గంజి తాగాడు. ఆమె కాస్త దూరంలో, వానలో తడుస్తూనే, ఆయన తాగేదాకా కూర్చుంది. ఆ ఊరొచ్చాక ఆయన తింటుంటే ఒక మనిషి పక్కన ఉండడం అదే మొదలు.

బడిని బాగుచేశాడని మరుసటేడు ఆయన్ని రాజమండ్రి పెద్ద బడికి వేశారు. ఉంటానని రాసినా వినలేదు. కాలవ పడవ కదిలేదాకా పిల్లలు గట్టు మీద నిలబడ్డారు.

తరవాతి సంగతి, పని మీద రాజమండ్రి వచ్చిన బుల్లియ్య అనే జాలరి చెప్పాడు. "కొత్తాయన పొద్దున్నే గంట కొట్టిస్తన్నారండి. ఈ ఏడు ముగ్గురే గట్టెక్కారండి."

"వీరవేణి?"

"బుట్ట మోస్తందండి."

కింది పంతులుగానైనా సరే తిరిగి పంపమని ఆయన బడుల కచేరీకి రెండుసార్లు రాశాడు. జవాబు రాలేదు. మూడోసారి రాస్తే వచ్చింది, వీల్లేదని.

పెద్ద బడిలో ఎనభైమంది పిల్లలు. అందరూ వేళకే వచ్చేవారు. ఎవరి గుమ్మం ముందూ నిలబడే పని లేదు. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక ఆయన తలుపులు మూసి, గదికి వెళ్లి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేవాడు.